మాలూరు దాటితే ప్రశ్నలు

బంగారు గని మూతపడ్డాక ఆ ఊరికి మిగిలిన పెద్ద పని రైలెక్కడమే. తెల్లవారకముందే ఎక్కడం, చీకటి పడ్డాక దిగడం. బి.ఎడ్. చదివిన జూలియా కూడా బెంగళూరులోని ఒక బట్టల ఫ్యాక్టరీకి ఏళ్ళ తరబడి అలాగే వెళ్ళి వస్తోంది. ఆదివారాలు సైతం ఆమె ఒంట్లో ఆ రైలు ఊపు ఆగదు.

ఆ అలసట తీరే దారి ఒకటి కనిపించింది. ఇంటికి దగ్గరగా, బంగారపేటలోని ఒక బడిలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం. శనివారం ఏడో తరగతికి ఒక పాఠం చెప్పి చూపించాలి: ప్రశ్నలను యాక్టివ్ వాయిస్ నుంచి పాసివ్ వాయిస్‌లోకి మార్చడం.

సాధన చేయడానికి ఆమెకు రైలు తప్ప వేరే చోటు లేదు, వేరే పొద్దూ లేదు. సాయంత్రపు రైలుపెట్టెలో బీన్సు తరిగే ఆడవాళ్ళే ఆమెకు పిల్లలు. చక్రాల మోత మీదుగా గొంతెత్తి చెప్పేది. వైట్‌ఫీల్డు స్టేషను నుంచి మాలూరు దాకా నియమాలు. మాలూరు దాటితే ప్రశ్నలు. టేకల్ దాటితే ‘హూ’తో మొదలయ్యేవి.

“హూ కట్ ద బీన్స్?” అని అడిగి, “బై హూమ్ వర్ ద బీన్స్ కట్?” అని తనే మార్చి చూపేది.

ఎదుటి సీటులోని మార్గరెట్, ఆస్పత్రి ఆయా, కత్తి ఆపకుండానే అంది: “ఎట్ల తిప్పినా తెగేది నా వేలే గదమ్మా.”

పెట్టె అంతా నవ్వింది. జూలియా కూడా నవ్వి, ఉద్యోగం వచ్చేసినట్టే, సోమవారం నుంచి తనకు సీటు పట్టవద్దని చెప్పింది. పొద్దున రైలు బయల్దేరే మారికుప్పంలో ముందుగా ఎక్కే మార్గరెట్, తర్వాత ఉరిగాంలో ఎక్కే జూలియా కోసం పక్కసీటు మీద టిఫిను సంచి పెట్టి ఉంచేది. సంచి ఉన్న చోట బంగారపేట దాకా ఎవరూ కూర్చోరు. దాటితే ఎవరైనా కూర్చోవచ్చు. అది ఆ రైలు మర్యాద.

శనివారం తరగతిగది నిశ్శబ్దంగా ఉంది. జూలియా నోరు తెరవగానే రైలు గొంతు బయటికొచ్చింది. ముందుబెంచీ పిల్లలు ఉలిక్కిపడ్డారు.

వెనక కూర్చున్న హెడ్‌మిస్ట్రెస్, “మెల్లగా చెప్పమ్మా, పిల్లోళ్ళకి చెవులు బాగానే ఉండాయి” అన్నారు.

జూలియా గొంతు తగ్గించింది. గొంతుతోపాటు పాఠమూ జారిపోయింది. మోత లేదు, ఊపు లేదు, కిటికీలోకి మాలూరు రాదు. నియమాలు ఎక్కడ ఆపాలో, ప్రశ్నలు ఎక్కడ ఎత్తుకోవాలో తోచలేదు. ‘హూ’ దగ్గరికి చేరకముందే గంట కొట్టారు. వేరేవాళ్ళను చూసుకుంటామని హెడ్‌మిస్ట్రెస్ మర్యాదగానే చెప్పి పంపించారు.

సోమవారం ఉరిగాంలో రైలెక్కిన జూలియా, నిలబడడానికి తలుపు పక్కన చోటు వెతుక్కుంది. తీరా చూస్తే, కిటికీ పక్క సీటు మీద టిఫిను సంచి అలాగే ఉంది.

“పెట్టొద్దంటిని గదక్కా,” అంది.

మార్గరెట్ సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. “బంగారపేట దాకా చూసి, నువ్వు రాకపోతే సంతోషంగా వేరేవాళ్ళకి ఇద్దామనుకొంటిని. ఇంగ కూర్చో. నిద్దరపో.”

జూలియా కూర్చుంది. కిటికీకి తల ఆనించింది. బంగారపేట ఎప్పుడు దాటిందో ఆమెకు తెలియలేదు.