యూసుఫ్ గారి నల్లంచు ప్రకటన

“కర్డ్ ఉందాండీ?” అని తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగాడు వీరాంజనేయులు.

కొట్టాయన మీసం దువ్వుకుని, బల్ల కింద నుంచి అట్టపెట్టె తీసి, పుట్టినరోజు కార్డులు పదిహేను వరసగా పరిచాడు.

“ఇవి కాదండీ. తెల్లగా ఉంటుంది. మెత్తగా ఉంటుంది.”

కొట్టాయన కాసేపు ఆలోచించి ఒక తెల్ల కార్డు ఏరాడు. అంచు చుట్టూ మెత్తటి లేసు ఉంది.

“అబ్బే! అన్నంలో కలుపుకుని తింటాం కదా, అదీ!”

కొట్టాయన కార్డులన్నీ గబగబా పెట్టెలోకి తోసి మూత పెట్టేశాడు.

గొడవ విని లోపల రొట్టెల పొయ్యి దగ్గరున్న ఆయన భార్య బయటికొచ్చింది. వీరాంజనేయులు ఎడమ అరచేతిని గిన్నె చేసి, కుడి వేలితో తోడు పెట్టి, మూత వేసి, కళ్ళు మూసుకుని ఒక రాత్రి నిద్రపోయి, లేచి, మూత తీసి చూపించాడు. “లబన్!” అని అరిచిందావిడ. అరిచి ఊరుకోలేదు. మరునాటికి తోడు వేసుకోమని గాజు సీసాలో గరిటెడు పెరుగు పోసి, పైసా పుచ్చుకోకుండా చేతిలో పెట్టింది.

అది 1978. తొలి ఏడు టొలీడోలో గడవడమెలాగా అని దిగులు పడుతున్న వీరాంజనేయులు ఆ రాత్రి మూడు వాయిలు పెరుగన్నం తిని, ఒహాయో రాష్ట్రం నివాసయోగ్యమేనని తీర్పిచ్చాడు. ఆ లబన్ వల్ల కలిగిన లాభం అంతా ఇంతా కాదు. దాని వెనకే బెండకాయలు వచ్చాయి, చింతపండు వచ్చింది, ధనియాలు వచ్చాయి. “అమెరికాలో నాకు పుట్టిల్లంటూ ఉంటే అది నజీరా గారి కొట్టేనండీ” అనేది అతని భార్య వసుమతి. “అయితే యూసుఫ్ గారు నాకు మామగారన్నమాట. లాంఛనాలు అడుగుతాను” అనేవాడు ఇతను.

ఆ కొట్టు దంపతులే యూసుఫ్, నజీరాలు. వాళ్ళది లెబనాన్ క్రైస్తవ కుటుంబం. యూసుఫ్ తండ్రి ఎప్పుడో పడవెక్కి వచ్చి ఆ కొట్టు పెట్టాడు. ఆ కొట్టు నెత్తినున్న బోర్డు చదివితే చాలు, వేరే చరిత్ర పుస్తకం అక్కర్లేదు. తండ్రి నాటికి లెబనాన్ అనే దేశమే లేదు కనుక ‘సిరియన్ బేకరీ’ అని రాయించాడు. దేశం వచ్చాక దానిమీద రంగు కొట్టి ‘లెబనీస్ బేకరీ’ అని రాశారు. ఎండ పడితే పాత అక్షరాలు కొత్త అక్షరాల కింద నుంచి తొంగి చూసేవి. ఆ తర్వాత బేరూత్‌లో యుద్ధం మొదలైంది. రోజూ రాత్రి టీవీలో బాంబులు, బూడిద. ఆ పేరు చూసి తెల్లవాళ్ళు కొట్టు మెట్టెక్కడం మానేశారు. ’83 చివర్లో యూసుఫ్ మళ్ళీ నిచ్చెన వేయించి ‘మెడిటరేనియన్ బేకరీ’ అని రాయించాడు. రాయించాడే కానీ, మెడ ఇటు తిప్పి చూసినవాడు లేడు.

పైగా క్లీవ్‌లాండ్‌లో ఉండే అన్నగారు ఇలియాస్‌కి కోపం వచ్చింది. “దేశం పేరు చెరిపేసి సముద్రం పేరు రాస్తావా? రేపు చేపలొస్తాయి నీ కొట్టుకి!” అని ఫోను పెట్టేసి, మరి ఎత్తలేదు.

సొంతవాళ్ళైనా వచ్చారా అంటే, అదీ లేదు. యుద్ధంలో బేరూత్ తూర్పు, పడమరలుగా చీలిపోయి కొట్టుకుంటోంది. అది తప్పించుకుని కొత్తగా వచ్చినవాళ్ళలో తూర్పు బేరూత్ వాళ్ళకి యూసుఫ్ పడమటివాళ్ళ మనిషి. పడమటివాళ్ళకి తూర్పు మనిషి. అతను పుట్టింది టొలీడో ఆస్పత్రిలో అన్న సంగతి ఎవరికీ పట్టలేదు. పాతకాపుల పిల్లలేమో బర్గర్లలో పడ్డారు. ఈలోగా సూపర్‌మార్కెట్‌వాళ్ళు అదే రొట్టెకి ప్లాస్టిక్ సంచీ తొడిగి, ‘పాకెట్ బ్రెడ్’ అని పేరెట్టి, టీవీలో దానిచేత నాట్యం చేయించారు. రొట్టెకి జేబొచ్చింది, యూసుఫ్ జేబుకి చిల్లు పడింది.

వీరాంజనేయులు గతి కూడా ఈలోగా మారింది. గాజు ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉన్నవాణ్ణి ’82లో లేఆఫ్ చేశారు. ఆరు నెలలు తిరగ్గా తిరగ్గా, పేటలో ఇంటింటికీ ఉచితంగా పంచే వారపత్రికలో ప్రకటనలు కత్తిరించి అంటించే పని దొరికింది. తెనాలిలో వాళ్ళ నాన్నది పెళ్ళికార్డుల ప్రెస్సు. సిరా వాసన అతనికి ఉగ్గుపాలలోనే అలవాటు. కాకపోతే, ఆఫీసులో పేరు తిరగక ‘ఆంజీ’ అని పిలిచేవాళ్ళు. అది అక్కడ ఆడపిల్ల పేరు. ‘ప్రియమైన కుమారి ఆంజీ’ అని ఉత్తరాలు వస్తే మీసం మెలేస్తూ చదువుకునేవాడు. యూసుఫ్ మాత్రం వాళ్ళ ఆచారం చొప్పున ‘అబూ మీనా’ అనేవాడు. అంటే ఇతని కూతురు మీనా వాళ్ళ నాన్న అని. ఆ పిలుపు వింటే ఇతనికి సొంత పేటలో నడుస్తున్నట్టుండేది.

1984 వేసవిలో ఒకనాడు పెరుగు కోసం వెళ్ళేసరికి యూసుఫ్ ఈగలు తోలుకుంటున్నాడు. ఈగలు కూడా రెండే ఉన్నాయి.

“అబూ మీనా, నెలాఖరుకి లీజు అయిపోతోంది. ఇంక పొయ్యి ఆర్పేసి ఫ్లోరిడాలో కూతురి దగ్గరికి పోదామంటోంది నజీరా.”

ఆ పొయ్యి తండ్రి నాటి నుంచి ఆరలేదని యూసుఫ్ నూరుసార్లు చెప్పి ఉంటాడు.

“ఒక్క ఆదివారం ఆగండి యూసుఫ్‌గారూ. నేను యాడ్ వేస్తాను. అందర్నీ పిలుద్దాం. ఊరికే రొట్టెలు, కాఫీ. జనం వస్తే పొయ్యి ఉంటుంది. రాకపోతే నేనే వచ్చి నీళ్ళు చల్లుతాను.”

“నా మొహం చూసి ఎవరొస్తారు?”

“మీ మొహం చూసి రారు. వాళ్ళ పేర్లు చూసుకుని వస్తారు. మా తెనాలి పద్ధతి ఇది. పెళ్ళికార్డులో పెళ్ళికొడుకు పేరు తప్పుపడినా సర్దుకుంటారు కానీ, మేనత్త తోటికోడలి పేరు మర్చిపోతే ఇంక ఆ గడప తొక్కలేం. పేరు అచ్చులో చూసుకున్నవాడు కాళ్ళు విరిగినా వస్తాడు. మీ చుట్టాల పేర్లు, ఇంటిపేర్లు, ఊళ్ళపేర్లు అన్నీ ఇవ్వండి.”

నజీరా రెండు గంటలు కూర్చుని, మీ అక్షరాల్లోనే రాయమంటే అరబ్బీలో చిన్న చిన్న చీటీల మీద రాసిచ్చింది. తూర్పువాళ్ళు, పడమటివాళ్ళు, కొండవాళ్ళు, బ్రెజిల్‌లో ఉన్న పినతల్లి పిల్లలు. ఇలియాస్ పేరు దగ్గర కలం ఆగింది.

“వాడు రాడు” అన్నాడు యూసుఫ్.

“రాకపోనీండి. వేయకపోతే పగ, వేస్తే పిలుపు. వేద్దాం.”

ఆ రాత్రి వీరాంజనేయులు తండ్రికి తగ్గ కొడుకనిపించుకున్నాడు. నజీరా ఇచ్చిన పాస్‌పోర్టు ఫోటో నడినెత్తిన పెట్టాడు. దాని కింద యూసుఫ్ పేరు, తండ్రి పేరు. ఆ కింద చుట్టాల చీటీలు, నజీరా అంకెలేసి ఇచ్చిన వావి వరసల ప్రకారం అంటించాడు. అడుగున ఇంగ్లీషులో, ‘ఆదివారం పదకొండు నుంచి అయిదు దాకా యూసుఫ్ కుటుంబం తమ బంధుమిత్రుల కోసం బేకరీలో ఎదురుచూస్తుంటుంది. కాఫీ ఇవ్వబడును’ అని వేశాడు. పక్క గడిలో సోఫాల సేల్ వాడు పెద్ద పెద్ద నక్షత్రాలతో మెరిసిపోతున్నాడు. వాడి కళ్ళు కుట్టేలా తన యాడ్ చుట్టూ వేలెడు వెడల్పున నల్ల టేపు అంటించాడు. పత్రిక గురువారం ఇల్లిల్లూ చేరింది. అక్కణ్ణుంచి చేతులు మారి ఊళ్ళు కూడా దాటింది.

ఆదివారం పదకొండుకి పది నిమిషాలుండగానే వీధి పొడుగునా కార్లు ఆగాయి. చిలకపచ్చ పట్టుచీర కట్టుకుని, పులిహోర గిన్నెతో దిగిన వసుమతి అక్కడే నిలబడిపోయింది.

“ఏవండీ, ఇంతమందా!”

“మరేమనుకున్నావు వసూ? యాడ్ అంటే ఏడు తరాలు గుర్తుండాలి.”

“డాడీ, వై ఈజ్ ఎవ్రీబడీ ఇన్ బ్లాక్?” అంది పదేళ్ళ మీనా.

“మర్యాద తెలిసినవాళ్ళమ్మా. సూట్లు వేసుకొచ్చారు.”

“ఆ ఆంటీ ఏడుస్తోంది.”

“ఆనందబాష్పాలు.”

ఒక్కొక్కరూ తల వంచుకుని లోపలికొచ్చి గోడవార నిలబడుతున్నారు. మాట లేదు, నవ్వు లేదు. తూర్పువాళ్ళు, పడమటివాళ్ళు ఒకే గోడకి. సరిగ్గా అప్పుడు గుమ్మంలోంచి పొడుగాటి మనిషి ఒకడు గుండెలు బాదుకుంటూ వచ్చాడు.

“తమ్ముడూ! సముద్రం పేరు రాసుకుంటే రాసుకున్నావు, నాతో ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయావా!”

“నేను చేస్తే ఫోను పెట్టేసింది నువ్వు కాదూ?” అని వెనక గదిలోంచి జవాబొచ్చింది. జవాబు వెనకే, తల నుంచి కాలి దాకా పిండి కొట్టుకుని తెల్లగా మెరిసిపోతూ, వేడి రొట్టెల పళ్ళెంతో యూసుఫ్ వచ్చాడు.

ముందు వరసలో ఉన్న ముసలి మేనత్త మరియం కెవ్వున కేకేసి సిలువ వేసుకుంది. ఇద్దరు వీధిలోకి పరిగెత్తారు. ఇలియాస్ దగ్గరికొచ్చి తమ్ముడి చెంప ఒకసారి నిమిరి, వేలికంటిన పిండి చూసుకుని, అదే చెంప మీద ఒక్కటిచ్చాడు.

“చావలేదా నువ్వు?”

“ఇంకా లేదు. ఎందుకూ?”

ఇలియాస్ జేబులోంచి పత్రిక తీసి బల్లమీద కొట్టాడు. యూసుఫ్ తొంగి చూశాడు. నజీరా చూసి నోటికి కొంగులా చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిండి పిసకడంలో పడి వాళ్ళు గురువారం పొద్దుట్నుంచీ ఇంటికే పోలేదు. అక్కడ ఫోను మోగి మోగి ఊరుకుంది. కొట్లో ఫోను, ఖర్చు తగ్గుతుందని ఎప్పుడో తీయించేశారు.

“ఎవడు వేశాడిది?” అన్నాడు ఇలియాస్.

యూసుఫ్ కళ్ళు వీరాంజనేయులి మీదికి పోయాయి. ఆ కళ్ళ వెంట అరవైమందీ చూశారు. వీరాంజనేయులు పొయ్యి వైపు చూశాడు. వీళ్ళందరూ కోపంతో ఇప్పుడు గుమ్మం దాటారా, రేపు ఆ పొయ్యి ఆరినట్టే.

“వెళ్ళి చెప్పండి. మీ నోరు ఎందుకుందీ?” అని వెనక నుంచి వసుమతి తోసింది.

అతను పాల డబ్బా ఎక్కాడు. తెనాలి గురించి చెప్పాడు. నాన్న ప్రెస్సు గురించి, తోటికోడళ్ళ అలకల గురించి, పెళ్ళికార్డు గురించి చెప్పాడు. “పెళ్ళికి పిలిచినట్టు పిలిచానండీ” అన్నాడు.

“మరి నల్లంచు?” అన్నారెవరో.

“సోఫాలవాణ్ణి కొడదామని.”

“నవ్వని ఫోటో?”

“పాస్‌పోర్టులో నవ్వనివ్వరు కదండీ.”

అప్పుడు నజీరా ముందుకొచ్చింది. “అబూ మీనా, మా దగ్గర మనిషి పోతే గోడలకి కాగితం అంటిస్తాం. చుట్టూ నల్ల గీత, లోపల ఫోటో, కింద చుట్టాల పేర్లు, ఊళ్ళు. ఫలానా వేళ నుంచి ఫలానా వేళ దాకా ఇంట్లో ఉంటాం, రండి అని. నువ్వు వేసిందాంట్లో ఒక్క అక్షరం తేడా లేదు.” తర్వాత జనం వైపు తిరిగి అరబ్బీలో ఏదో గట్టిగా అంది. కొందరు తలలు దించుకున్నారు. ఏమన్నదని యూసుఫ్‌ని అడిగితే ఇంగ్లీషులో చెప్పాడు: “చచ్చాడంటే ఏ వైపువాడో చూడకుండా వచ్చారు, రొట్టెకి మాత్రం వైపులు చూస్తారా అంటోంది.”

మరియం అత్త కుర్చీ లాక్కుని కూర్చుంది. పత్రిక మడిచి ఒక పేరు మీద వేలు పెట్టింది.

“ఇది నేను. ఇది మా ఆయన. ఇది మా ఊరు. నలభై ఏళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను, నా పేరు ఎవడూ అచ్చెయ్యలేదు. చచ్చినవాడు ఎవడైతే నాకేం? కాఫీ ఇవ్వండి.”

ముందు ఒకడు కిసుక్కుమన్నాడు. తర్వాత ఇంకొకడు. తర్వాత గోడలు కూడా నవ్వాయి. పడమటి ముసలాయన, తూర్పు ముసలాయన ఒకే పత్రికలో తమ తమ పేర్లు వెతుక్కుంటూ, ఒకే కళ్ళజోడు మార్చుకుంటున్నారు. నజీరా కాఫీలో పంచదార వేయబోతే మరియం అత్త ఆపింది. “చావుకైతేనే చేదు కాఫీ. ఇవాళ రెండు చెంచాలు ఎక్కువెయ్యి.” వసుమతి పులిహోర పావుగంటలో ఖాళీ అయింది. అదేమిటో తెలియకుండానే అందులో రొట్టె ముంచుకు తిన్నారు.

వీరాంజనేయులు డబ్బా మీంచి దిగి చేతులు జోడించాడు. “నన్ను క్షమించండి యూసుఫ్‌గారూ. మీరు నాకు పెరుగు పోశారు, నేను మీకు నూకలు చెల్లించాను.”

యూసుఫ్ పిండి చేతులతోనే అతన్ని వాటేసుకున్నాడు. “చచ్చాక ఎవరెవరొస్తారో బతికుండగా చూసుకున్నవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే, అబూ మీనా. నువ్వు దయచేసి ఇంక వేరే యాడ్ మాత్రం వెయ్యకు.” అని, రొట్టెలు నిండుకోవడం చూసి, రెండో వాయికి మంట పెంచడానికి లోపలికి పరిగెత్తాడు.

వీధిలో ఇంకా కార్లు ఆగుతూనే ఉన్నాయి. నల్లబట్టలు, తెల్ల పూలగుత్తులు. ఇలియాస్ గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళ చేతుల్లో పూలు లాక్కుంటూ, ఒక్కొక్కరికీ మొదటి నుంచీ చెబుతున్నాడు.

“లోపలికి రండి. లేదు, పోలేదు. పొయ్యి దగ్గరున్నాడు. ఏం లేదు, ఇండియాలో పెళ్ళికార్డులు ఇలాగే ఉంటాయట!”