చెవుల్లో మిగిలిన హోరు

ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. డ్రైక్లీనింగ్ షాపు వెనక గదిలో ప్యాంట్ల అంచులు కుట్టడం, జిప్పులు మార్చడం ఆమె పని. వయసులో ఉన్నప్పుడు మాత్రం డాన్సు క్లబ్బుల్లో పాడేది. తళుకుల జాకెట్టు వేసుకునేదని అందరూ మెరుపు అని పిలిచేవారు. పక్కన కీబోర్డు వాయించేవాడు పొడుగు. ఇన్నేళ్లయినా వాళ్లిద్దరికీ ఆ పేర్లే మిగిలాయి.

ఆ రోజుల మీద ఆమె ఒక పాట రాసింది. కాళ్లు ఊరుకోని దరువు, మాటలేమో తనని తాను ఆటపట్టించుకునేవి.

‘అరువు చెప్పులేసుకుని అరగంట రాణినయ్యా,
కునుకు తీసి కళ్లు తెరిస్తే బస్సు డిపోలో ఉన్నా.’

పొడుగు పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఒసేయ్, దీనికి ఊరంతా ఎగురుద్దే! ఎవరికీ ఇవ్వొద్దు. నువ్వే పాడాలి.”

టైర్ల షాపు మేడ మీద అతని గదిలో మూడు ఆదివారాలు రికార్డు చేశారు. మొదటి వారం మైకు బాలేదన్నాడు. రెండో వారం వైరు మార్చాడు. మూడో వారం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మెరుపుకు తోడు వచ్చిన కూతురే ఉండబట్టలేక చెప్పింది.

“అమ్మా, శ్రుతి తప్పుతున్నావు. ప్రతిసారీ.”

“నాకు బాగానే వినబడుతోందే!”

“వినబడట్లేదమ్మా. ఇంట్లో కుక్కర్ విజిలే వినబడట్లేదు నీకు.”

మెరుపు పొడుగు వైపు తిరిగింది. “నువ్వు చెప్పొచ్చుగా?”

“నోరు రాలేదే,” అన్నాడు అతను తల దించుకుని.

చెవుల డాక్టరు గాజు గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమంది. చాలాసేపు ఆమె వేలు కదల్లేదు. బయటికొచ్చాక డాక్టరు కాగితం మీద జారుడుబండలా దిగిపోయిన గీత చూపించింది.

“పెద్ద శబ్దాల దగ్గర ఎక్కువకాలం పనిచేశారా?”

“ఆరేళ్లు. స్పీకర్ పక్కనే నా చోటు. అక్కడైతే లైటు బాగా పడేదని కొట్లాడి మరీ తీసుకున్నా.”

“పోయింది తిరిగి రాదండీ. చెవికి మిషన్ పెట్టుకుంటే మాటలు కొంత నయం. పాట సంగతి మాత్రం నేను మాటివ్వలేను.”

పాటను ఒక కొత్త గాయనికి ఇచ్చేశారు. ఇరవై రెండేళ్ల పిల్ల. మెరుపు దగ్గర కూర్చుని ఒక్కో మాటా నేర్పింది.

“డిపో దగ్గర నవ్వాలా ఆంటీ, ఏడవాలా?”

“నవ్వమ్మా. ఏడుపు నీకు ఇప్పుడే ఎందుకు?”

పాట విడుదల ఒక ఆదివారం మధ్యాహ్నం, చిన్న హాల్లో. కుర్రకారు ఒళ్లు మరిచి ఎగిరారు. మెరుపుకు ఆ పిల్ల గొంతు అందలేదు. దరువు మాత్రం నేల మీంచి పాదాల్లోకి ఎక్కింది. పిల్ల పెదాలు చూసి ఏ చరణమో పోల్చుకుంది. డిపో మాటకు హాలంతా గొల్లున నవ్వింది. ఆమె కూడా నవ్వింది. అప్పటికే అందరూ నవ్వి ఊరుకున్నారు.

పొడుగు వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏదో అన్నాడు. తల ఊపింది.

తిరుగు బస్సులో కూతురు కిటికీ వైపు కూర్చుంది. దారంతా ఇంజను మోత. కాసేపటికి కూతురు తల వంచుకుని చాలాసేపు ఏదో చెప్పింది.

“ఏంటే?” అని రెండుసార్లు అడిగింది మెరుపు. రెండుసార్లూ కూతురు ఓపిగ్గా మళ్లీ చెప్పింది. ఒక్క ముక్క అందలేదు. మూడోసారి అడగడానికి మొహం చెల్లక, పాట గురించే అయ్యుంటుందని, హాయిగా నవ్వేసింది.

కూతురు మొహంలో రంగు పోయింది. ఒక్క క్షణం తల్లి వైపు చూసి, కిటికీ వైపు తిరిగిపోయింది. వెక్కుతున్నట్టు భుజాలు కదులుతున్నాయి.

“చెప్పమ్మా, ఈసారి వింటాను,” అంది మెరుపు.

కూతురు తిరగలేదు. జవాబిచ్చిందేమో కూడా ఆమెకు తెలియలేదు.