ఎడమ కణత

అయినా దిండుదేముంది పాపం, తలనొప్పికి దాన్ని ఆడిపోసుకుని ఏం లాభం, దూదిది పోయి స్పాంజిది వచ్చింది, స్పాంజిది పోయి మధ్యలో గుంట ఉన్నది వచ్చింది, దాని మీద పడుకుంటే నా తలని ఎవరో పళ్లెంలో పెట్టి వడ్డిస్తున్నట్టుందే అంటే మా ఆవిడ మూతి కూడా కదపలేదు, ఇదిగో ఇప్పుడూ ఈ ఆస్పత్రి బల్ల మీద నా పక్కనే చేతిసంచి ఒళ్లో పెట్టుకుని డాక్టరు గది తలుపు వైపే చూస్తోంది, ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి ట్యూబులైటు వెలుగు నా ఎడమ కణత మీద మేకు దిగ్గొట్టినట్టు తగులుతుంది, పక్కకి తిరుగుదామంటే మెడ రాదు, మనిషిని మొత్తం తిప్పాలి, సరే, మెడ సంగతి తెలిసిందేగా, రేవులో క్రేను నడిపిన మెడ, అంతెత్తున గాజు నేల ఉన్న గదిలో కూర్చుని రెండు మోకాళ్ల మధ్య నుంచి కిందికి చూడడమే ఉద్యోగమంతా, కింద సిగ్నలిచ్చేవాడు వేలు గుండ్రంగా తిప్పితే పెట్టె ఎత్తాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి, సాయంత్రం దిగొచ్చాక కూడా తల వంగే ఉండేది, ఏం పారేసుకున్నావయ్యా అని వీధిలో అడిగేవాళ్లు, కాబట్టి మెడనొప్పి నాకు పాత చుట్టం, చెప్పకుండా వస్తుంది, నాలుగు రోజులుండి పోతుంది, కానీ ఈ కణతలోది అలా కాదు, వచ్చింది, కూర్చుంది, నెల దాటినా లేవదు.

మా బావమరిదైతే గ్యాసు బావా, తలకెక్కేసింది, అన్నాడు, వాడికి లోకంలో ప్రతిదీ గ్యాసే, మందుల షాపాయన కళ్లజోడు మార్చుకోమన్నాడు, మార్చాను, వీధి చివరి డాక్టరు ఎక్స్‌రే దీపానికి పెట్టి మెడ ఎముకలు అరిగాయి, వయసు కదా, అని పట్టీ ఇచ్చాడు, అందరికీ ఊఁ కొట్టాను, దువ్వెన తగిలితే మాడు పచ్చిపుండులా ఉంటోందని మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఇక ఇవాళ పొద్దున్న గడ్డం గీసుకుందామని నిలబడినప్పుడు జరిగింది అసలే చెప్పలేదు, ఎడమ కంటికి పైనుంచి బూడిదరంగు తెర దిగింది, కుడి కన్ను మూసి చూస్తే అద్దంలో నా మొహం సగమే మిగిలింది, బేసిను పట్టుకుని అలాగే నిలబడ్డాను, కాసేపటికి తెర దానంతటదే లేచిపోయింది, ఎలా చెప్పను, మా అత్తగారికి చూపు పోతే, కన్నుమూసేదాకా చెయ్యి పట్టుకుని తిప్పింది మా ఆవిడే, గుమ్మం వచ్చిందమ్మా, మెట్టు వచ్చిందమ్మా అంటూ, పెళ్లైన కొత్తలో నిద్రలో కూడా ఆ మాటలే కలవరించేది, ఇంకోసారి ఆ బరువు ఆవిడ మీద పెట్టనా, పెట్టను.

లోపలికి పిలిచారు, డాక్టరమ్మ చిన్నదే, మా అమ్మాయి ఈడు ఉంటుందేమో, నా వేళ్లు చల్లగా ఉంటాయి, ఏమనుకోకండి అంటూ మెడ అటూ ఇటూ తిప్పింది, అరుగుదల ఉంది పెద్దాయనా, కానీ ఈ తలనొప్పి దానివల్ల కాదనిపిస్తోంది అంది, కణత మీద వేలు పెట్టి అక్కడే ఆగిపోయింది, అక్కడేదో తాడులా ఉబ్బి ఉందని నాకూ తెలుసు, నమిలేటప్పుడు దవడ నొప్పి పుడుతుందా అంది, లేదమ్మా అన్నాను, పుడుతుంది డాక్టరుగారూ అంది మా ఆవిడ.

పుడుతుందండీ, నాలుగు ముద్దలు నములుతారు, ఆగుతారు, నీళ్లు తాగినట్టు నటిస్తారు, మళ్లీ నములుతారు, ఆపిల్ ముక్కలు జేబులో వేసుకుని వీధిలో పారేస్తున్నారు, తల దువ్వుకోవడం మానేసి అరచేత్తో సర్దుకుంటున్నారు, పొద్దున్న బేసిను పట్టుకుని బొమ్మలా నిలబడిపోయారు, ఏమైందంటే సబ్బు కంట్లో పడిందన్నారు, సబ్బుపెట్టె మూత కూడా తియ్యలేదు, మీరడగండి, నాకు చెప్పరు.

అంటే నెలరోజులుగా జావ, మెత్తగా ఉడికించిన దుంపలు, పాలలో నానేసిన రొట్టె, ఏమిటే చంటిపిల్లాణ్ణి చేస్తున్నావు అంటే నా పళ్లు కదులుతున్నాయండీ అంది, ఆవిడ పళ్లు రాయిలా ఉన్నాయని నాకెందుకు తట్టలేదు, డాక్టరమ్మ మెల్లగా, చూపు మసకబారిందా అంది, ఇక దాచలేక తెర సంగతి చెప్పేశాను, ఆవిడ వైపు చూడకుండా చెప్పాను, డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నర్సును కేకేసింది, కణత దగ్గరి రక్తనాళం వాచినట్టుందమ్మా, పెద్దవయసులో వస్తుంది, వదిలేస్తే కంటికి రక్తం అందదు, పరీక్ష చేయిద్దాం, కానీ ఫలితం వచ్చేదాకా ఆగను, మందు ఇప్పుడే మొదలుపెడదాం, అంది, చూపు ఉంటుందాండీ అంది మా ఆవిడ, ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు, ఇవాళే వచ్చారుగా, కాపాడుకుందాం అంది డాక్టరమ్మ.

నడవాలో మా ఆవిడ నీళ్లగ్లాసు పట్టుకుని మాత్రలు నా అరచేతిలో పెట్టింది, తిడుతుందనుకున్నాను, తిట్టలేదు, మా అమ్మ కూడా చెప్పలేదండీ అంది, గుమ్మం తట్టుకుని పడేదాకా చెప్పలేదు, చెయ్యి పట్టుకుని నడిపించడం నాకెప్పుడూ కష్టం కాలేదు, చెప్పలేదే అన్నదొక్కటే ఇప్పటికీ కష్టం.

ఆ మర్నాటికి కణతలో పోటు సగం దిగింది, ఇంకో రోజుకి దిండు తగిలినా తల ఊరుకుంది, తెర మళ్లీ దిగలేదు, పరీక్షలోనూ రక్తనాళం వాపేనని తేలింది, మాత్రలు చాలాకాలం వాడాలట, మెడ మాత్రం మెడలాగే ఉంది, కిటికీ దగ్గర కూర్చుంటే ఆవిడ వచ్చి ఎలా ఉందండీ అంది, బాగానే ఉంది అన్న మాట అలవాటుగా నాలుక చివరికొచ్చింది, మింగేశాను, కణత తగ్గిందే, మెడ ఎడమ పక్క పట్టేసింది, నిద్ర సరిగ్గా లేదు, భయంగా ఉంది అన్నాను, భయం అనే మాట ఈవిడ ముందు అనడం ఇదే మొదటిసారి, ఆవిడ వచ్చి వెనక నిలబడి బొటనవేళ్లతో మెడ నొక్కడం మొదలుపెట్టింది, సరిగ్గా నొప్పి ఉన్న చోటే, నేను చూపించకుండానే, అప్పుడర్థమైంది, దాచి నేను ఆవిడకి తప్పించిన బరువంటూ ఏమీ లేదు, ఇన్నాళ్లూ మోస్తూనే ఉంది, నేను చేసిందల్లా ఆవిణ్ణి ఒక్కదాన్నే మోయనివ్వడం.