వాగు దగ్గర పిలుపు

ఆస్ట్రేలియా ఉత్తరాన డెయిన్‌ట్రీ నది దాటి కారు బల్లకట్టు దిగగానే హేజెల్ ముసలమ్మ అద్దం దించి, తల బయటపెట్టి గాలి పీల్చింది.

"ఇక్కణ్ణుంచీ మనదే. మెల్లగా పోనీ అల్లుడూ. ఈ రోడ్డు మీద ముందు పక్షులు, తర్వాతే మనం."

అల్లుడంటే కాలిన్. సిడ్నీలో పాఠాలు చెప్పుకునే తెల్లవాడు, హేజెల్ అక్క కూతురు నోరీన్ మొగుడు. నోరీన్ వెనక సీట్లో కూర్చుంది. రెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, ఆదివాసీ పిల్లల్ని తెల్లవాళ్లలా మార్చాలని, ఆమెను సర్కారువాళ్లు తల్లి ఒళ్లోంచి లాక్కుపోయి, ఎవరో తెల్లవాళ్లింట పెంచారు. కూతుర్ని మళ్లీ చూడకుండానే ఆ తల్లి కన్నుమూసింది. నలభై ఏళ్లలో నోరీన్ తిరిగి రావడం ఇదే మొదలు. తమ భాష ఒక్క ముక్క రాదు. ఈ నేల తననీ కెమెరా తగిలించుకొచ్చినవాళ్లలో ఒకరిగా చూసి పంపేస్తుందేమోనని పొద్దుటినుంచీ బెంగగా ఉంది.

దారి మాత్రం ఆమె బెంగను ఖాతరు చేయలేదు. అబ్బ, ఏం దారి అది! ఎడమన కొండ నిండా కిక్కిరిసిన అడవి. కుడిన ఆకుల సందుల్లోంచి సముద్రం తళుక్కుమని మళ్లీ దాక్కుంటోంది. కొన్నిచోట్ల చెట్లు రెండువైపులనుంచీ వంగి పట్టపగలే చీకటి చేశాయి. ఒక మలుపులో నీలం మెడ కాసవరీ పక్షి, చారల పిల్లల్ని వెంటేసుకుని, ఈ కారెవరిదన్నట్టు చూస్తూ తీరుబడిగా రోడ్డు దాటింది. నోరీన్ బెంగ మరిచిపోయి కళ్లప్పగించింది.

"అది తండ్రి. వాటిలో పిల్లల్ని సాకేది మగదే" అంది హేజెల్. "చూసి నేర్చుకో అల్లుడూ."

తారు రోడ్డు అయిపోయి ఎర్రమట్టి మొదలయ్యాక ఒక వాగు అడ్డొచ్చింది. హేజెల్ కారు ఆపించి, ఇద్దర్నీ దిగమంది. చంకలో చెయ్యి పెట్టుకుని, ఆ చెమట కాలిన్ నుదుటికీ ఛాతీకీ గట్టిగా రాసింది. అడవివైపు తిరిగి, పోయిన పెద్దలను తమ భాషలో పిలిచింది. ఆ మాటల్లో నోరీన్‌కి అర్థమైంది కాలిన్ పేరొక్కటే.

తన వంతు కోసం నోరీన్ కూడా తల వంచి నిలబడింది. హేజెల్ చెయ్యి గౌనుకు తుడుచుకుని కారువైపు నడిచింది.

నోరీన్ ఆమె వెంట రెండడుగులు వేసింది. "నాకు రాయవా పిన్నీ?"

"నీకెందుకే? అది కొత్తవాళ్లకి, మన వాసన చూసి పెద్దలు మనవాళ్లేనని పోల్చుకోవాలని." హేజెల్ విసుక్కుంది. "నువ్వు పుట్టింది ఈ వాగు పక్కనే. మీ అమ్మ చెమట ఆరోజే నీ ఒంటికి అంటింది."

"నలభై ఏళ్లయింది కదా."

"ఆ పెద్దలకి నలభై ఏళ్లొక లెక్కా? పో, నీ పేరు నువ్వే చెప్పుకో. ఇంత ఆలస్యమెందుకని వాళ్లడిగితే తిట్లు తినడం నావల్ల కాదు. నీళ్లకి దూరంగా నిలబడు, మొసలికి నీ చుట్టరికంతో పనిలేదు."

"ఏ భాషలో చెప్పను?"

"వచ్చిన భాషలో."

నోరీన్ చెప్పింది. వెనకున్న హేజెల్‌కే వినపడలేదు.

"మీ అమ్మ పిలిస్తే అవతలి గట్టున పలికేవాళ్లు" అంది హేజెల్.

నోరీన్ ఊపిరి నిండా తీసుకుంది. "నేను నోరీన్‌ని. మా అమ్మ కూతుర్ని. వచ్చేశాను."

ఆ కేకకి చెట్లమీంచి పావురాలు లేచాయి. అచ్చం అక్క గొంతే. హేజెల్ మొహం పక్కకి తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. కాలిన్ చూస్తున్నాడని తెలిసి అతని మీద విరుచుకుపడింది.

"ఏంటలా చూస్తావు? బండి తియ్యి. పిల్లని ఇంటికి తీసుకెళ్లాలి."