ఆరో గొయ్యి ముందు స్తంభం

గోతులు లేని లెవెల్ పెడితే జనం అంత తిడతారని నాకు తెలీదు. మొదటి రోజే పదకొండు అభిప్రాయాలు వచ్చాయి. ఒకరు ఆడుతూ ఆడుతూ నిద్రపోయామన్నారు. ఇంకొకరు మా అమ్మమ్మ కూడా గెలిచేస్తుందన్నారు, పైగా ఆవిడకి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయిందట. ముసలి తాబేలు అని పేరు పెట్టుకున్న పెద్దమనిషి మాత్రం తీరిగ్గా ఒక ఉత్తరమే రాశాడు.

"మిడతా, నీకేమైంది? గోతులకి పెట్టింది పేరు నువ్వు. అలాంటిది నేలంతా ఇటుకలతో పూడ్చేశావు. గోతుల ముందు పెట్టే ఎర్ర స్తంభాలు మాత్రం అలాగే వదిలేశావు. గొయ్యే లేనప్పుడు హెచ్చరిక ఎవరికి?"

మిడత నేను కాదు, మా తమ్ముడు. వాడు పోయి ఎనిమిది నెలలైంది. ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలీదు. వాడి పేరుతో, వాడి కంప్యూటర్ ముందు, వాడి కుర్చీలో కూర్చుని తిట్లు తింటున్నది నేను.

ఆట చాలా పాతది. గొడుగు పట్టుకున్న ఒక పొట్టోడు ఎడమ నుంచి కుడికి పరిగెత్తుతాడు, గోతులు దూకుతాడు, దీపాలు ఏరుకుంటాడు. అంతే. గోతిలో పడితే సన్నగా ఒక ఈల వినిపిస్తుంది, రెండు క్షణాల్లో మళ్ళీ మొదట్లో నిలబడి చొక్కా దులుపుకుంటాడు. చేసిన కంపెనీ దాన్ని ఎప్పుడో మర్చిపోయింది, అభిమానులు మర్చిపోలేదు. వాళ్ళే కొత్త లెవెళ్ళు తయారు చేసి ఒక సైట్‌లో పెట్టుకుంటారు, ఒకరివి ఒకరు ఆడి బాగోగులు రాసుకుంటారు. ఈ ఏడాది ఆటకి ముప్పై ఏళ్ళు నిండుతాయని, ముప్పై లెవెళ్ళు ఏరి ఒక కట్టగా విడుదల చేస్తామని రెండేళ్ళ కిందటే అన్నారు. మా తమ్ముడు దానికోసం ఏడాదిపాటు కూర్చుని ఒక లెవెల్ చేశాడు. చివరి మెరుగులు మిగిలి ఉండగా పోయాడు.

కింది వాటాలో మా మరదలు, వాళ్ళ పాప ఉంటారు. పై వాటాలో నేనొక్కణ్ణే. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగేవాళ్ళు కూడా అడగడం మానేశారు. మరదలు కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టేసే కళ్ళు ఆమెవి. ఒకరోజు వాడి కుర్చీ, కంప్యూటర్ పైకి మోసుకొచ్చి, కంప్యూటర్ నా బల్ల మీద పెట్టి, మీ తమ్ముడు దీన్ని పూర్తి చెయ్యకుండా వదిలేశారు, ఆదివారం మధ్యాహ్నానికి గడువు, ఆయన పక్కన కూర్చుని చూశానే గానీ నాకు అంత రాదు, మీకైతే ఈ ఆట బాగా వచ్చు అంది. చిన్నప్పుడు ఇద్దరం ఒకే మీట కోసం కొట్టుకున్నవాళ్ళమే కదా, సరే అన్నాను. నేను ఈ మధ్య అన్నిటికీ సరే అంటున్నాను. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, నాకు మనిషంతా అలా ఉంది.

తెరిచి చూస్తే ఆరు గోతులు. ఒక్కొక్కటీ నల్లగా, అడుగు కనపడకుండా. నేను వాటిని చూడలేకపోయాను. ఇటుకల బొమ్మ నొక్కి, వరసగా ఆరూ పూడ్చేసి పంపించాను.

కారణం చెప్తాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఎలా చెప్పాలో నాకే సరిగ్గా తెలీదు.

మేమిద్దరం లిఫ్టు మెకానిక్కులం. ఒకే కంపెనీ, ఒకే వ్యాను. ఆ రోజు ఒక పాత అయిదంతస్తుల మేడలో పని. లిఫ్టు పెట్టెని పైన అయిదో అంతస్తులో ఆపి, నాలుగో అంతస్తు తలుపు తెరిచి తాళం బాగుచేస్తున్నాం. తలుపు తెరిస్తే వెనక అంతా ఖాళీ. కాబట్టి ముందు ఇనప అడ్డు పెట్టాలి. మా దగ్గర అలాంటివి రెండుండాలి, కానీ రెండోదానికి కాలు విరిగి మూడు నెలలుగా వ్యానులోనే పడి ఉంది. ఉన్న ఒక్కదాన్నీ తమ్ముడు నాలుగో అంతస్తులో తన చేత్తోనే పెట్టి, ఏదో సామాను తేవడానికి వెనక మెట్ల మీదుగా వ్యాను దగ్గరికి వెళ్ళాడు. నేను ముందువైపు మెట్లు దిగి నేల అంతస్తు తలుపు తెరిచాను, దాని వెనకా గొయ్యే. జనం వస్తూ పోతూ ఉన్నారు. ఇక్కడ ఎవరో ఒకరు పడతారు, పైన మనుషులెవరూ లేరు కదా అనుకున్నాను. పైకి వెళ్ళి అడ్డు తీసుకొచ్చి కింద పెట్టాను. ఇక్కడి పని రెండు నిమిషాలు, అయ్యాక పైకి వెళ్ళి ఆ తలుపు మూద్దామనుకున్నాను. వాడు రెండు చేతుల నిండా సామానుతో వెనక మెట్లెక్కాడు. మెయిన్ స్విచ్ ఆపేశాం కాబట్టి నడవాలో దీపం లేదు. అడ్డు ఉందని వాడికి తెలుసు. వాడే కదా పెట్టింది.

విచారణలో, అడ్డు కిందికి ఎలా వచ్చిందని అడిగారు. నేను చూడలేదన్నాను. సామాను కోసం కిందికి దిగిన తమ్ముడే దాన్ని తెచ్చి మర్చిపోయి ఉంటాడని వాళ్ళే రాసుకున్నారు. నేను నోరు విప్పలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు, నాది పూర్తి అంగీకారమే. ఆ తర్వాత నన్ను లిఫ్టులు బాగుచేసే పనికి పంపడం మానేసి ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు ఫోన్ చేస్తే కంగారు పడకండి అని చెప్పాలి. నా గొంతులో కంగారన్నదే ఉండదట, అందుకని ఆ పనికి నేను బాగా పనికొస్తున్నానట.

ఇంట్లో మాత్రం ఆ కాగితం మీద రాసిన మాటే నిజమైపోయింది. పొద్దున్న పాప బడికి వెళ్ళేటప్పుడు మరదలు మెట్ల దగ్గర నిలబడి చెప్తుంది, కింద చూసి నడు, మీ నాన్నలా కాదు అని. పాపకి తొమ్మిదేళ్ళు. ఎనిమిది నెలలుగా అది కాళ్ళకేసి చూసుకుంటూనే నడుస్తోంది. పోయిన నెల అలా నడుస్తూ వెళ్ళి కరెంటు స్తంభానికి గుద్దుకుని నుదురు బొప్పి కట్టించుకొచ్చింది. నేను ఆ మాట రోజూ పైనుంచి వింటూనే ఉన్నాను. విని పళ్ళు తోముకుంటాను.

ముసలి తాబేలు ఉత్తరం మరదలు కూడా చదివింది. పైకి వచ్చి తెర మీద లెవెల్ చివరిదాకా జరిపి చూసింది. ఆ తర్వాత, "మీరు పూడ్చింది ఆయన చేతిపని, బావగారూ" అంది. కోపంగా కూడా అనలేదు. అద్దంలో గీత పడిందని చెప్పినట్టు చెప్పింది. గోతుల్లేకుండా ఆయన పేరు పెట్టొద్దు, ఉంటే ఆయన చేసినట్టు ఉండాలి, లేకపోతే అసలు వద్దు అని దిగి వెళ్ళిపోయింది.

శనివారం మధ్యాహ్నం కూర్చుని గోతులు మళ్ళీ తవ్వాను. మొదటిది తవ్వి ఆగాను. దాని ముందు ఒక్క స్తంభం చాలదనిపించింది. ఆట మొదలుపెట్టగానే వచ్చే గొయ్యి, కొత్తవాళ్ళు ఎవరైనా చూసుకోకుండా పడతారేమో. ఇంకోటి పెడదామంటే ఆట ఒప్పుకోదు, లెవెల్ మొత్తానికి ఆరు స్తంభాలే. ఏదో ఒకచోట నుంచి తెచ్చాను. ఎక్కడి నుంచి తెచ్చానో మనసులో పెట్టుకోలేదు.

ఆ సైట్‌లో ఇంకో నియమం ఉంది. తయారు చేసినవాడు ప్రతి గోతిలోనూ ఒక్కసారి తనే పడి, ఆ రికార్డు జతచేసి పంపాలి. గోతిలో పడ్డవాడు సరిగ్గా వెనక్కి వస్తున్నాడా, అక్కడే ఇరుక్కుపోతున్నాడా అని తేల్చుకోవడానికి. మంచి నియమమే. ఎంత వెడల్పో, ఎన్ని అడుగుల దూరమో అన్నీ ముందే కాగితం మీద లెక్కేసుకున్నాను, తెర చూడకుండా మీట నొక్కడానికి. మొహం గోడవైపు తిప్పుకుని ఆ లెక్క ప్రకారం ఆరుసార్లు ఆడాను. ఆరుసార్లు ఈల వినిపించింది. రికార్డు జతచేసి పంపేసి అన్నం తిన్నాను. రుచి తెలియలేదు గానీ, అదేమీ కొత్త కాదు.

ఆదివారం పొద్దున్న పదింటికి ముసలి తాబేలు జవాబు వచ్చింది.

"అయిదు గోతులూ భేషుగ్గా ఉన్నాయి. ఆరోదాని ముందు స్తంభం లేదు. నేను చూసుకునే నడిచాను, అయినా పడ్డాను. మిడత గొయ్యి కష్టపెడుతుంది గానీ మోసం చెయ్యదు. పదకొండేళ్ళుగా వాడి లెవెళ్ళు ఆడుతున్నాను, హెచ్చరిక లేకుండా వాడు ఒక్క గొయ్యీ తవ్వలేదు. ఇది వాడి పని కాదు. ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరు?"

చూసుకునే నడిచాను, అయినా పడ్డాను. ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. ముందుకి చదవలేదు, వెనక్కీ పోలేదు. ముక్కూ మొహం తెలియని ముసలాయన ఇది వాడి పని కాదన్నాడు, వాడితో ముప్పై ఆరేళ్ళు బతికినవాణ్ణి నేను ఆ మాట చెప్పలేకపోయాను. మెట్ల మీద మరదలి అడుగులు వినిపించాయి. కంప్యూటర్ మూసేద్దామని చెయ్యి లేచింది. మళ్ళీ దించేశాను.

ఆమె చేతిలో ఫోనుంది. అదే పేజీ.

"ఆరోదాని ముందు స్తంభం ఏమైంది, బావగారూ?"

"నేనే తీశాను."

"ఎందుకు?"

"మొదటిదాని దగ్గర ఇంకోటి పెడదామని. అక్కడ ఎవరైనా పడతారేమోనని." ఆమె ఇంకేదో అడగబోయేలోపే మిగతాది కూడా చెప్పేశాను. "ఆ మేడలోనూ అంతే. నాలుగో అంతస్తు అడ్డు నేనే తీసి కిందికి తెచ్చాను. వాడు తేలేదు. వాడికి తెలీదు కూడా."

ఆమె కూర్చోలేదు, ఏడవలేదు. ఫోను తెర దానంతట అది ఆరిపోయేదాకా అలాగే పట్టుకుని నిలబడింది. చెబితే గుండె బరువు దిగుతుందంటారు, ఎవరు అంటారో గానీ. నాకేమీ దిగలేదు. బరువు గదిలో ఇంకొకరికి కూడా వచ్చింది, అంతే.

"పాపతో నేను రోజూ ఏం చెప్తున్నానో మీకు వినపడుతుందా, పైకి?"

"వినపడుతుంది."

"రోజూనా?"

"రోజూ."

తల ఊపింది. లెక్క సరిపోయినట్టు ఊపింది. తర్వాత, రేపు పొద్దున్న మీ ఆఫీసుకి వెళ్ళి ఇదే మాట వాళ్ళ కాగితం మీద రాసిచ్చి రండి అంది. వెళ్తానన్నాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని నేను ఆలోచించలేదు, ఆమె అడగలేదు.

"అంతకుముందు కిందికి వెళ్ళి పాపకి చెప్పండి. నేను చెప్పను. మీరే చెప్పాలి."

నేను లేచాను. నేను ఖాళీ చేసిన కుర్చీలో ఆమె కూర్చుని కంప్యూటర్ తనవైపు లాక్కుంది.

ఇరవై రెండు మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. పాప నేలమీద బోర్లా పడుకుని పుస్తకానికి అట్ట వేస్తోంది. పక్కనే కత్తెర, చిరిగిన కాగితం ముక్కలు. నేను ఎదురుగా నేలమీదే కూర్చున్నాను. ఈ వయసులో నేలమీద కూర్చుంటే ఏదో చెప్పడానికే అని పిల్లలకి ఇట్టే తెలిసిపోతుంది. కత్తెర పక్కన పెట్టేసింది.

"మీ నాన్న చూసుకునే నడిచాడమ్మా," అన్నాను. "అక్కడ అడ్డు ఉండాలి. నాన్న పెట్టాడు. నేను తీసేశాను. నాన్న తప్పు లేదు."

పాప నా మొహం వంక చూడలేదు, అలవాటుగా నా కాళ్ళకేసి చూసింది.

"మరి అమ్మ..."

"అమ్మకి ఇప్పటిదాకా తెలీదు. నేను చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు, పెదనాన్నా?"

విచారణలో ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. పెద్దవాళ్ళకి చెప్పడానికి నా దగ్గర నాలుగైదు జవాబులు తయారుగా ఉన్నాయి, మనసు బాగోలేదని, ఎవరికి మంచిదని, అలాంటివి. ఈ పిల్లకి అవేవీ పనికిరావని తెలిసింది.

"భయమేసింది," అన్నాను.

పైకి అన్నాక గానీ తెలియలేదు, అది ఇంకా పోలేదని. ఎనిమిది నెలల తర్వాత తిమ్మిరి వదిలింది. వదిలేటప్పుడే నొప్పి.

పైనుంచి సన్నగా ఈల వినిపించింది. కాసేపటికి ఇంకోటి. మా మరదలు స్తంభాన్ని దాని చోట పెట్టేసి, నియమం ప్రకారం మొదటి గొయ్యి నుంచి మళ్ళీ ఒక్కొక్కదాంట్లో పడి రికార్డు చేస్తోంది. గోడవైపు మొహం తిప్పుకునే మనిషి కాదు ఆమె, తెర చూస్తూనే పడి ఉంటుంది. పాప, నేను లెక్కపెట్టాం. ఆరోది కాస్త ఆలస్యంగా వచ్చింది.

పాప లేచి నన్ను దాటుకుని గుమ్మం బయటికి వెళ్ళింది. వాళ్ళమ్మ దగ్గరికి మెట్లెక్కుతున్నప్పుడు కాళ్ళకేసి చూసుకోలేదు.