ఎవరో పెంచిన లెవెల్

గిడియోన్ ఎవరినీ తేలిగ్గా నమ్మడు. ఈ బుద్ధి పుట్టుకతో వచ్చింది కాదు, ఆటల్లో అబ్బింది. చిన్నప్పటి నుంచీ వీడియో గేములు ఆడుతున్న మనిషి. నలభై దాటాయి, మేడ్చల్ బస్ డిపో దగ్గర సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుతాడు, ఆదివారం చర్చిలో కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య వినయంగా తిరుగుతాడు. ఆటల దగ్గరికొస్తే మాత్రం పోలీసు బుర్ర.

"కతల ఆటల్ల ఊర్లెకు పోంగనే ఒక ముసలాయన ఫుకట్ల కత్తి ఇస్తడు సూడు," అని కౌంటరు మీద మోచేతులు ఆనించి గిరాకీకి పాఠం చెప్పేవాడు. "కత్తి తీస్కో, గాని వాని దిక్కు ఈపు పెట్టకు. నడుమల వచ్చి నీ జట్టుల కలిసినోడు ఉంటడు, వాడైతే కోట కాడ నిన్ను పక్కా అమ్ముతడు."

పాపం ఆ గిరాకీ స్క్రీన్ గార్డు వేయించుకోవడానికి వచ్చినవాడు. తలూపి డబ్బులిచ్చి వెళ్లిపోయేవాడు.

ఇప్పటి ఆటలు ఆటలే కావని గిడియోన్ తీర్పు. ఎటు పోవాలో బాణం గుర్తు పెట్టి చూపిస్తాయి, అడుగడుగునా వాటంతట అవే సేవ్ చేసుకుంటాయి, చస్తే చచ్చిన చోటే లేపి నిలబెడతాయి. భయమే లేకపోతే ఇక ఆటేమిటని అతని వాదన. పాత ఆటల్లో మూడే ప్రాణాలు, అవి అయిపోతే మళ్లీ మొదటికి. క్యాసెట్ ఆడకపోతే బయటికి తీసి ఉఫ్‌మని ఊది పెట్టేవాళ్లు. ఊదితే ఏమీ కాదని, పైగా తడి తగిలి లోపల తుప్పు పడుతుందని రిపేరు చేసేవాడిగా అతనికి ఇప్పుడు తెలుసు. తెలిసినా ఊదుతాడు.

అన్నిటికంటే అతనికి రోత పుట్టించేది లెవెల్ పెంచుకోవడం. కథ ఉన్న ఆటల్లో అదొక దారి ఉంటుంది. ఊరి బయట పొలంలో తిరుగుతూ చిన్నా చితకా దయ్యాల్ని గంటల తరబడి చంపితే, మన హీరోకి బలం పెరిగి అంకె ఎక్కుతుంది. అంకె బాగా ఎక్కాక కళ్లు మూసుకుని కొట్టినా ఎదుటివాడు పడిపోతాడు. "బలిసి గెలుసుడు గెలుపేంది? చెయ్యి ఆడాలె," అనేవాడు గిడియోన్. అలా గెలిచినవాణ్ని మనిషిగా లెక్కవేసేవాడు కాదు.

అతని గొప్పంతా ఒక్క క్యాసెట్‌లో ఉంది. మస్కట్ నుంచి మేనమామ తెచ్చిన పాత గేము డబ్బా, దానితో వచ్చిన క్యాసెట్. స్టిక్కర్ ఎప్పుడో చిరిగిపోయింది, అసలు పేరు ఎవరికీ తెలియదు. చివర్లో నల్లటి కోట వస్తుంది కాబట్టి నల్లకోట అనేవాళ్లు. ఆ కోటలో ఉండేవాడు గుండు రాక్షసుడు. వాడి దగ్గరికి ముప్పయ్యో లెవెల్ దాటితే గానీ పోకూడదని ఆటలోని ఊరి పెద్దే హెచ్చరిస్తాడు. గిడియోన్ కుర్రతనంలో ఇరవయ్యొకటో లెవెల్‌లోనే పోయి వాణ్ని కొట్టేశాడు. పక్కన కూర్చుని చూసినవాడు మోషే. ఆ ఘనకార్యానికి లోకంలో ఉన్న సాక్షి అతనొక్కడే.

మోషేది శామీర్‌పేట. స్కూల్ వ్యాన్ నడుపుతాడు. బౌరంపేట్ వైపు పిల్లల్ని పొద్దున మేడ్చల్‌లో బడికి దింపితే, సాయంత్రం దాకా పనుండదు. అందుకని గిడియోన్ షాపు రెండో తాళంచెవి అతనికిచ్చాడు. మధ్యాహ్నం షట్టర్ దించి గిడియోన్ అన్నానికి ఇంటికి వెళ్తే, మోషే వెనక గదిలో నడుం వాల్చేవాడు. పాత టీవీ, డబ్బా, క్యాసెట్ ఉన్నది ఆ గదిలోనే. ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరూ అక్కడే చేరేవాళ్లు. గిడియోన్ ఆడతాడు, మోషే చూస్తాడు. ఏళ్లుగా అదే తంతు.

ఈ మధ్య క్యాసెట్ లోపలి బ్యాటరీ చచ్చి పాత సేవ్‌లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. గిడియోన్ కొత్త బ్యాటరీ అతికించి మొదటి నుంచి ఆడుకుంటూ వచ్చాడు. మళ్లీ ఇరవయ్యొకటో లెవెల్‌లోనే కోటకు పోయాడు. ఓడిపోయాడు. మరుసటి ఆదివారమూ ఓడాడు, ఆ తర్వాతా అంతే. కుడి బొటనవేలు మొద్దుబారి సమయానికి కదలడం లేదు. ఆ మాట గిడియోన్ ఎవరితోనూ అనలేదు, తనతో తాను కూడా అనుకోలేదు. బటన్ కింద రబ్బరు అరిగిందన్నాడు. మార్చాడు. మోషే వైరు తొక్కాడన్నాడు. సమయం చూసి దగ్గాడన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అంది ఇంట్లో భార్య రోజీ.

"నీకు తెల్వదు. గాడు కావాలనే దగ్గిండు."

"మోషేకి దగ్గున్నది, మందు తాగుతున్నడు. ఆయన పెండ్లాం కృపమ్మ నాతోని జెప్పింది."

దగ్గు మందు తాగేవాడు కావాలని దగ్గకూడదని ఎక్కడైనా ఉందా అని గిడియోన్ ఆలోచించాడు.

సరిగ్గా అప్పుడే ఒక ఆదివారం క్యాసెట్ పెట్టేసరికి హీరో ఇరవై మూడో లెవెల్‌లో ఉన్నాడు.

గిడియోన్ తన కళ్లను నమ్మలేదు. పై వారం ఇరవై ఆరు. ఆటలో హీరో జేబులో గాయాలు మాన్పే మందు ఆకులు తక్కువ ఉండాల్సింది పోయి ఎక్కువున్నాయి. మోషే పక్కనే కూర్చుని శనగలు నములుతున్నాడు, ముఖంలో ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే గిడియోన్‌కి అనుమానమైంది. దొంగ వస్తే తీసుకుపోతాడు గానీ, పెట్టిపోతాడా? పెట్టిపోయేవాడు మరీ పెద్ద దొంగ అని అతని శాస్త్రం.

ఆ వారమే పరీక్ష పెట్టాడు. ఆట ఆపాక చేతి ప్యాడ్‌కి వైరును ఎప్పుడూ కుడి వైపుకే చుడతాడు. ఈసారి మరింత గట్టిగా, గుర్తుపెట్టుకుని చుట్టాడు. రెండ్రోజుల తర్వాత చూస్తే వైరు ఎడమకు చుట్టి ఉంది. మోషేది ఎడమచేతి వాటం.

అయితే ఎందుకు? దానికీ జవాబు దొరికింది. అంతకుముందే తేజస్వి అని బౌరంపేట్ గేటెడ్ కాలనీ అమ్మాయి షాపుకొచ్చి, పాత వీడియో గేములు కొంటాను, అమ్ముతారా అని అడిగి వెళ్లింది. గిడియోన్ అమ్మనన్నాడు. తర్వాత అదే అమ్మాయి వ్యాన్ కిటికీ దగ్గర నిలబడి మోషేతో చాలాసేపు మాట్లాడడం డిపో మలుపులో కళ్లారా చూశాడు. ఇక చిక్కుముడి అంతా విడిపోయింది. డబ్బా పనిచేస్తోందో లేదో మోషే ఆడి చూస్తున్నాడు. ఆట చివరిదాకా ఆడి చూపిస్తే ఎక్కువ ధర పలుకుతుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక మోషే ఎప్పటిలాగే చెప్పులు విడిచి గదిలోకి రాబోతుంటే, గిడియోన్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నా ఆట నువ్వు ఆడుతున్నవా లేదా?"

మోషే తల దించుకున్నాడు. "ఆడుతున్న."

"అమ్మనీకే గదా? గా పోరితోని సౌదా అయ్యిందా?"

"ఏం సౌదారా?"

"ఏసును అమ్మిన యూదా గూడ ఒక్క పళ్లెంలనే చెయ్యి పెట్టి తిన్నడు. చాబీ ఇటియ్యి."

వాళ్ల చర్చిలో ఎంత కోపమొచ్చినా ఎవరూ ఎవరినీ అనని మాట అది. మోషే ముఖం తెల్లబోయింది. జేబులోంచి తాళంచెవి తీసి కౌంటరు మీద పెట్టాడు.

"ఒక్కసారి ఆడి సూడు," అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

గిడియోన్ షట్టర్ సగం దించి కూర్చున్నాడు. క్యాసెట్ ఊది పెట్టాడు. హీరో ముప్పయ్యొకటో లెవెల్. పళ్లు కొరుక్కుంటూ కోటకు నడిపించాడు. గుండు రాక్షసుడు ఎప్పటిలాగే నిప్పు ఊదాడు. తప్పుకోవడానికి బొటనవేలు ఎప్పటిలాగే ఆలస్యం చేసింది. కానీ హీరోకి ఏమీ కాలేదు, నిప్పు చీమకుట్టినట్టు తగిలి పోయింది. గిడియోన్ ఒకే బటన్ మూడుసార్లు నొక్కాడు. రాక్షసుడు కూలిపోయాడు. గుడి గంటల్లాంటి ఆ పాత సంగీతం మోగింది.

సంతోషం రాలేదు. పది లెవెల్లు పెరగాలంటే ఆ పొలంలో ఎంతసేపు తిరగాలో అతనికి తెలుసు. నిద్రపోవాల్సిన మధ్యాహ్నాలన్నీ మోషే ఇక్కడ కూర్చుని, దగ్గుకుంటూ, ఒకే రకం దయ్యాల్ని ఒకటే పనిగా చంపాడు. గిడియోన్ సేవ్ చేసుకున్న ఆటలోనే, గిడియోన్ హీరో కోసం. బొటనవేలి సంగతి మోషే ఎప్పుడో కనిపెట్టాడన్నమాట. గిడియోన్‌కి సిగ్గేసింది. వెంటనే బండి తీశాడు.

శామీర్‌పేట దారంతా మాటలు కూర్చుకుంటూనే పోయాడు. తప్పయిందనాలి. చాబీ తిరిగి చేతిలో పెట్టాలి. అయితే జాలి చూపించమని నిన్నెవరడిగారని కూడా కాస్త గట్టిగా అనాలి. చెరువు చూడ్డానికొచ్చిన కార్లు దారికి అడ్డంపడుతుంటే హారన్ కొడుతూ పోయాడు.

మోషే ఇంటి ముందు పైపుతో వ్యాన్ కడుగుతున్నాడు. అతని భార్య కృపమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "రా అన్నా," అంది గానీ ఆ పిలుపులో ఎప్పటి ఉత్సాహం లేదు.

"గెలిసిన," అన్నాడు గిడియోన్.

"మంచిది."

"నా ఏలు పని జేస్తలేదని తెలిసి, నా కోసమే గదరా గంత కష్టపడ్డవ్?"

మోషే నీళ్ల ధార టైరు మీదికి తిప్పాడు. "నీ కోసం కాదు. నా కోసం జేసుకున్న."

"అంటె?"

"నువ్వు ఓడినప్పుడల్లా నా దిక్కు సూస్తవ్. వైరు తొక్కినంటవ్, దగ్గినంటవ్. గా ఆదివారాలు నా వల్ల కాలే గిడియోన్. దగ్గు వస్తె నోట్ల గుడ్డ కుక్కుకొని కూసున్న. ఇంట్ల ఇది నవ్వుతది నన్ను సూసి. ఒక్కసారి నువ్వు గెలుస్తె నన్ను ఇడిసిపెడ్తవ్ అనుకున్న. ఇగ మునుపట్లెక్క కూసోవచ్చు అనుకున్న."

కృపమ్మ తల వంచుకుని కాయలు తుంచుతూనే ఉంది. ఇప్పుడామె నవ్వడం లేదు.

దారిలో గిడియోన్ కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. నిజం ఎదురుగా నిలబడి ఉంది, దాన్ని అతను నమ్మాడు కూడా. తాళంచెవి ఉన్న చెయ్యి చాచి, తప్పయిందిరా అని నోరు తెరిచాడు. బయటికి వచ్చింది మాత్రం వేరే.

"మరి గా తేజస్వితోని ఏం మాట్లాడినవ్?"

మోషే చేతిలో పైపు ఆగిపోయింది. గిడియోన్ నాలుక కరుచుకున్నాడు. కానీ అడిగేశాడు, పైగా జవాబు కోసం కళ్లు ఎదురుచూస్తూనే ఉన్నాయి, అది అతనికే తెలుస్తోంది.

"ఆమె పాపకు వ్యాన్‌ల వాంతులైతున్నయ్. కిటికి పక్క సీటు ఇయ్యమన్నది," అన్నాడు మోషే, ఏ కోపమూ లేకుండా. "గంతే."

నల్లా కట్టేసి, పైపు చుట్టుకుని, లోపలికి వెళ్లిపోయాడు. చాచిన చేతిలో తాళంచెవితో గిడియోన్ తడి నేల మీద నిలబడిపోయాడు.