మూడో మెట్లదారి

పదిహేడో మెట్టు కన్నంలో ఇరుక్కున్న ఎండుటాకును మెట్లాయన సైకిలు చువ్వతో పొడిచి కిందికి తోశాడు. రాత్రి కురిసిన వాననీళ్లు బుడబుడమంటూ దిగిపోయాయి. ఇంకా పాతిక మెట్లున్నాయి. పైన ఏడింటి రైలు వచ్చి ఆగింది. మెట్లన్నీ ఒక్కసారి వణికాయి, ఆయన మోకాళ్లతో సహా.

ముప్ఫై రెండేళ్లుగా ఈ స్టేషన్ మెట్లు ఊడుస్తున్న మనిషి. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు. జీవితంలో పైకి రాలేదని బావమరిది దెప్పితే, "రోజుకి పదకొండుసార్లు పైకొస్తున్నాను కదరా, ఇంకా ఎంత రమ్మంటావ్?" అంటాడు.

రోడ్డు మధ్యన స్తంభాలెక్కి కూర్చుంది స్టేషన్. కింద దుకాణాలు, నడిమి అంతస్తులో టికెట్ల హాలు, ఆ పైన చెరో పక్కా ప్లాట్‌ఫాం. కట్టినప్పుడు మూడు పెట్టెల రైలుకి సరిపోయేది. జనం పెరిగారు, రైలు ఆరు పెట్టెలైంది, ప్లాట్‌ఫాంలు ఉత్తరానికి సాగాయి. ఆ పని జరుగుతున్నప్పుడే దక్షిణపు కొసన ఉన్న మూడో మెట్లదారికి 'తాత్కాలికంగా మూసివేయబడినది' అని బోర్డు పెట్టి, కింద గేటుకి తాళం వేశారు. పద్దెనిమిదేళ్లలో ఎండకి అక్షరాలన్నీ వెలిసిపోయి, 'తాత్కాలికంగా' ఒక్కటే శాశ్వతంగా మిగిలింది. పైన రైళ్లు తాళం వేస్తూనే ఉన్నాయి, కింద తాళం తీసే నాథుడు లేడు.

ఆ దారి దిగితే ఎదురుగా ఆసుపత్రి గేటు. అది మూశాక రోగులంతా ఉత్తరాన దిగి, బస్సుల మధ్య రోడ్డు దాటి, ఇంత దూరం వెనక్కి నడుస్తున్నారు. వాళ్లలో మెట్లాయన భార్య ఒకతె. ఆపరేషనైన మోకాలితో, వారానికి రెండుసార్లు.

దారి మూసినవాళ్లు పనుల జాబితాలోంచి దాన్ని కొట్టెయ్యడం మరిచిపోయారు. "మూసిన మెట్లు కూడా ఊడవాలాండీ?" అని ఆయన అడిగితే, "కాగితంలో ఉందా? ఊడువు" అన్నాడు అప్పటి స్టేషన్ మాస్టరు. ఆ మాస్టరు వెళ్లిపోయాక ఆరుగురు మాస్టర్లు మారారు. చీపురు మాత్రం ఆగలేదు.

ఇవాళ మెట్లాయన ఉద్యోగానికి ఆఖరి రోజు. మెట్లకీ ఆఖరి రోజు కావచ్చు. వాటిని కోసి పాత ఇనుం కింద పంపాలో, మళ్లీ తెరవాలో తేల్చడానికి ఇంజనీరమ్మ వస్తోంది.

"బాబాయ్, సాయంత్రం మీకు కేకు కోస్తారట!" అంది టికెట్ల కిటికీలోంచి అమ్మాయి.

"మెట్లు కొయ్యకుండా ఉంటే అదే పదివేలమ్మా."

పదింటికి ఇంజనీరమ్మ సుత్తితో వచ్చింది. కొత్త మాస్టరు ముక్కుకి రుమాలు కట్టుకుని మరీ వెంట నడిచాడు. ఆమె రెయిలింగు మీద వేలితో రాసి చూసుకుంది. దుమ్ము లేదు.

"ఇది ఎవరు శుభ్రం చేస్తున్నారండీ?"

"ఎవరూ చెయ్యరు మేడం. మూసేసిందిగా!"

వెనకనుంచి చిన్న దగ్గు. "నేనేనమ్మా... కాగితంలో ఉంది."

"ఏ కాగితమయ్యా?" అన్నాడు మాస్టరు రుమాలులోంచి.

పోతూ పోతూ చివాట్లు తప్పవనుకుంటూ మెట్లాయన నాలుగు మడతల జాబితా తీసిచ్చాడు. ఇంజనీరమ్మ చదివి, వంగి మెట్టు కన్నాలు చూసింది.

"మరి ఇవి?"

"నీళ్లు నిలిస్తే ఇనుముని తుప్పు తినేస్తుందని చువ్వతో పొడుస్తుంటానమ్మా. అది మాత్రం కాగితంలో లేదు."

ఆమె ఒక్కో మెట్టూ సుత్తితో కొట్టుకుంటూ దిగింది. ఖంగు, ఖంగు. తొమ్మిదోది 'బొద్దు'మంది, తుప్పు తిన్న ఇనుం చప్పుడు. మెట్లాయన రెయిలింగు గట్టిగా పట్టుకున్నాడు. మళ్లీ ఖంగు, ఖంగు. ముప్ఫయ్యోది కూడా బొద్దే. నలభై రెండూ అయ్యాక ఆమె చెమట తుడుచుకుని నవ్వింది.

"కూల్చమని రాసేద్దామనే వచ్చాను. రెండు మెట్లు మారిస్తే చాలు. నెలలో తెరిచెయ్యొచ్చు."

సాయంత్రం కేకు కోశారు. మాస్టరు ఆ జాబితాని తనే రాసినంత గొప్పగా చదివాడు. మెట్లాయన ఓ పక్కకి వెళ్లి భార్యకి ఫోన్ చేశాడు.

"నెల ఆగు. నిన్ను తిన్నగా ఆసుపత్రి గేటు ముందే దింపుతాను."

"మీ కోతలు నాకు తెలియవా! ముందు మీరు దిగి రండి."

ఇంజనీరమ్మ సరేనంది కాబట్టి మాస్టరు తాళంచెవి ఇచ్చాడు. మెట్లాయన తొమ్మిదో మెట్టూ ముప్ఫయ్యో మెట్టూ దాటుకుంటూ దిగాడు. నెలనెలా ఆయనే నూనె పోసిన తాళం ఒక్క తిప్పుకే ఊడింది. పద్దెనిమిదేళ్లలో ఆ గేటు దాటిన మొదటి మనిషి ఆయనే. మళ్లీ తాళం వెయ్యడానికి వెంట వచ్చిన టికెట్లమ్మాయి పైకి చూసి కేక వేసింది.

"బాబాయ్, చువ్వ మరిచిపోయారు!"

"మరిచిపోలేదమ్మా. ఈసారి దాన్నీ కాగితంలో రాయించు."

ఆయన ఆసుపత్రి ముందునుంచి, నీడ పట్టున నడిచి వెళ్లిపోయాడు. పైన, మొదటి మెట్టు రెయిలింగుకి తగిలించిన సైకిలు చువ్వ, అప్పుడే వచ్చిన రైలుకి సన్నగా మోగుతూ ఊగుతోంది.